కింది సైనికుడి తప్పుకు కమాండర్‌ను బాధ్యుణ్ని చేయడం న్యాయమేనా?

మీరు అడిగింది ఇది. మీ అన్నయ్య సైన్యంలో ఒక కంపెనీకి కమాండర్. రాత్రి రెండు గంటలకు ఆయన జవాను నడుపుతున్న ట్రక్కు బోల్తా పడి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ఆ సమయానికి మీ అన్నయ్య తన గదిలో నిద్రపోతున్నారు. ఇప్పుడు ఎంక్వైరీలో డ్రైవర్‌తో పాటు ఆయన పేరూ వచ్చింది. “అక్కడ లేని మనిషిది తప్పెలా అవుతుంది? అలా అయితే పైన జనరల్ దాకా అందరూ దోషులే కదా?” అన్నారు.

నేను ఇరవై రెండేళ్లు యూనిఫాంలో ఉన్నాను. కమాండ్ చేశాను, నాలుగు ఎంక్వైరీ బోర్డుల్లో సభ్యుడిగా కూర్చున్నాను, ఒకసారి బోర్డు ముందు నిలబడ్డాను కూడా. నిలబడ్డ రోజు నాకూ మీకు వచ్చిన కోపమే వచ్చింది. కూర్చున్న రోజుల్లో అభిప్రాయం మారింది. మీ అన్నయ్య నిద్రపోయారని ఎవరూ తప్పు పట్టరు. పడుకునే ముందు ఏం చూసుకుని పడుకున్నారని అడుగుతారు.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. ‘కమాండర్ మీద చర్య’ అనే మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పదవి నుంచి తప్పించడం ఒకటి. మందలింపు, ప్రమోషన్ ఆగడం, కోర్ట్ మార్షల్ లాంటి క్రమశిక్షణ చర్య ఇంకొకటి. యుద్ధ నేరం కింద జైలుకో ఉరికంబానికో పంపడం మూడోది. మొదటిదానికి ‘ఈయన మీద నాకు నమ్మకం పోయింది’ అని పై అధికారి అనుకుంటే చాలు. మూడోదానికి ఏ సందేహానికీ తావులేని రుజువు కావాలి. పేపర్లో వార్త చదివేవాళ్లు మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. దాంతో తప్పించినప్పుడు ‘అన్యాయం’ అంటారు, జైలుకు పంపనప్పుడూ ‘అన్యాయం’ అంటారు.

మొదటి రెండింటికీ సముద్రం మీద దొరికే ఉదాహరణలే బాగా అర్థమవుతాయి. అమెరికా నౌకాదళ నిబంధనల్లో ఓడ కమాండర్ బాధ్యత సంపూర్ణమైనదని సూటిగా రాసి ఉంటుంది. అధికారాన్ని కిందివాళ్లకు పంచవచ్చు, బాధ్యతను పంచడం కుదరదు. 2017 జూన్ 17న యూఎస్ఎస్ ఫిట్జ్‌గెరాల్డ్ అనే యుద్ధనౌక జపాన్ తీరం దగ్గర రాత్రి ఒకటిన్నరకు ఒక కంటైనర్ ఓడను ఢీకొంది. కింది అంతస్తు పడక గదుల్లోకి నీళ్లు దూసుకొచ్చి ఏడుగురు నావికులు చనిపోయారు. కమాండర్ తన క్యాబిన్‌లో ఉన్నాడు. ఆ క్యాబిన్ నుజ్జయిపోయి, ఆయన ఓడ పక్కన వేలాడుతుంటే నావికులే లోపలికి లాగారు. వేరే ఓడలు ఫలానా దూరంలోకి వస్తే తనను లేపాలని ఆయన ముందే రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి ఉన్నాడు. డ్యూటీలో ఉన్న అధికారి లేపలేదు.

ఇక్కడిదాకా వింటే అచ్చం మీ అన్నయ్య కథే. ఆదేశం ఇచ్చి పడుకున్నాడు, కిందివాళ్లు పాటించలేదు. కానీ నౌకాదళం తన నివేదికలో ఇంకా వెనక్కి వెళ్లింది. అంతకు నెల ముందు, మే మధ్యలో, అదే ఓడ మరో ఓడను దాదాపు ఢీకొట్టబోయి తప్పించుకుంది. ఎందుకలా జరిగిందని ఓడ పెద్దలు మూలాల్లోకి వెళ్లి చూడలేదు. ప్రమాదం జరిగిన రాత్రి రద్దీ సముద్రంలో వెళ్తున్నా కమాండర్ గానీ, ఆయన తర్వాతి అధికారి గానీ బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద లేరు. అంటే ఆయన మీద పడ్డ తప్పు డ్యూటీ అధికారి చేసిన తప్పు కాదు. ఒక హెచ్చరిక వచ్చినప్పుడు పట్టించుకోకపోవడం ఆయన సొంత తప్పు. మొదట నిర్లక్ష్యంతో ప్రాణాలు పోవడానికి కారణమయ్యాడన్న అభియోగం కూడా పెట్టారు. చివరికి 2019లో క్రిమినల్ అభియోగాలన్నీ వెనక్కి తీసుకుని, అభిశంసన లేఖతో ముగించారు. నా లెక్కలో అది సరైన చోటే ఆగింది. పదవి పోవలసిందే. జైలుకు పంపేంత నేరం మాత్రం అక్కడ కనిపించదు.

రెండు నెలలు దాటాయో లేదో, 2017 ఆగస్టు 21న, అదే దళానికి చెందిన జాన్ ఎస్. మెకెయిన్ అనే ఓడ సింగపూర్ దగ్గర ఒక ట్యాంకర్‌కు అడ్డంగా వెళ్లింది. పదిమంది చనిపోయారు. అక్కడ కమాండర్ నిద్రపోలేదు, బ్రిడ్జి మీదే ఉన్నాడు. చుక్కాని పట్టుకున్న కుర్రవాడు ఇబ్బంది పడుతున్నాడని చూసి, వేగం నియంత్రించే పనిని పక్క సీటులోని నావికుడికి ఇవ్వమన్నాడు. టచ్ స్క్రీన్ మీద మార్చేటప్పుడు వేగంతో పాటు చుక్కాని కూడా పక్క సీటుకు వెళ్లిపోయింది. మొదటి కుర్రవాడు చక్రం తిప్పుతున్నాడు, ఓడ తిరగడం లేదు. ‘స్టీరింగ్ పోయింది’ అని అరిచాడు. నిజానికి ఎక్కడికీ పోలేదు, రెండడుగుల దూరంలో పక్కవాడి చేతికింద ఉంది. ఆ కన్సోల్ మీద వాళ్లకు సరైన శిక్షణే లేదని తర్వాత తేలింది. కమాండర్ విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేశానని కోర్ట్ మార్షల్‌లో ఒప్పుకున్నాడు.

మరి పైవాళ్ల సంగతి? జపాన్ కేంద్రంగా ఉన్న క్రూజర్లు, డిస్ట్రాయర్లకు ఉండాల్సిన శిక్షణ సర్టిఫికెట్లలో 37 శాతం 2017 జూన్ నాటికే గడువు దాటిపోయాయని అమెరికా పార్లమెంటు ఆడిట్ సంస్థ లెక్క తేల్చింది. ఇది ఒక్క ఓడ కమాండర్ చేసిన పని కాదు. ‘మా దగ్గర మనుషులు లేరు, శిక్షణకు టైమ్ లేదు’ అని కింది నుంచి చెబుతుంటే ‘ఎలాగోలా కానివ్వండి’ అన్న పై స్థాయి చేసిన పని. అందుకే ఆ రెండు ఓడలూ ఉన్న ఏడో నౌకాదళ (సెవెంత్ ఫ్లీట్) అధిపతి వైస్ అడ్మిరల్ ఆకాయిన్‌ను కూడా తప్పించారు. మీరు ఎగతాళిగా ‘జనరల్ దాకా అందరూ దోషులేనా’ అన్నారు గానీ, కొన్నిసార్లు అవును, అక్కడిదాకా వెళ్లాలి. ఏ మెట్టు దగ్గర ఆగాలన్నదానికి నేను వాడే కొలత ఒకటే. ఈ తప్పు జరగకుండా ఆపగలిగే వనరు లేదా అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి దాన్ని వాడాడా. అలా కాకుండా తిలాపాపం తలా పిడికెడు అని అందరికీ పంచేస్తే చివరికి ఎవరికీ తగలదు.

నేను కూర్చున్న బోర్డుల్లో ఒకటి వాహన ప్రమాదమే. డ్రైవర్ కునికిపాటు పడ్డానని తనే ఒప్పుకున్నాడు. అరగంటలో తేలిపోతుందనుకున్నాం. టీ తాగుతూ ఊరికే డ్యూటీ రిజిస్టర్ తిరగేశాను. బండి తీసే ముందు ప్రతి డ్రైవరూ ‘తగిన విశ్రాంతి తీసుకున్నాను’ అనే గడిలో సంతకం పెట్టాలి. పదకొండు రోజుల సంతకాలు ఒకే నీలం పెన్నుతో, ఒకే వాలుతో ఉన్నాయి. చివరి మూడు గళ్లలో సిరా పలచబడింది, రీఫిల్ అయిపోవచ్చినట్టు. ఒకేసారి కూర్చుని పెట్టేసిన సంతకాలు అవి. పేజీ అడుగున కమాండర్ సంతకం. ప్రతి సోమవారం పెట్టేది. గేటు దగ్గరి పుస్తకంతో పోల్చి చూస్తే, ప్రమాదానికి ముందు ఆ డ్రైవర్‌కు దొరికిన నిద్ర మూడు గంటలు.

“సార్, ఇలాంటివి వారానికి నలభై పేజీలు వస్తాయి” అన్నాడాయన. అబద్ధమేమీ కాదు. నేనూ అలాంటి పేజీల మీద చూడకుండా సంతకాలు పెట్టినవాడినే. ఆయన పేజీ దొరికింది, నాది దొరకలేదు, తేడా అంతే. అయినా ఆయనకు మందలింపు రాయాలన్న కాగితం మీద నేనూ సంతకం చేశాను. ఆ సంతకం ముందు మాత్రం పేజీ మొత్తం చదివాను.

ఇంకో బోర్డులో దాదాపు ఇదే ప్రమాదం. అక్కడి కమాండర్ రెండు నెలల ముందు నుంచే డ్రైవర్లు చాలడం లేదని పైకి మూడు లేఖలు రాశాడు. జవాబు రాకపోతే రాత్రి ట్రిప్పులు తనంతట తనే ఆపేశాడు. ఆ ఆంక్ష ఉందని తెలిసీ ఒక డ్రైవర్ స్నేహితుణ్ని దింపడానికి బండి తీశాడు. కమాండర్ మీద ఒక్క ముక్క కూడా రాయలేదు మేము. ఆ మూడు లేఖలకు జవాబివ్వని ఆఫీసును పిలవాలని నేనన్నాను. ‘అది మన బోర్డు పరిధి కాదు’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ కొరుకుడు పడదు నాకు.

ఇక మూడోది, యుద్ధ నేరాల సంగతి. ఇక్కడ లోతు ఎక్కువ, రక్తం కూడా ఎక్కువ. ఆధునిక కాలంలో దీనికి మొదలు, ఫిలిప్పీన్స్‌లో జపాన్ సేనలకు అధిపతిగా ఉన్న జనరల్ యమాషిటా కేసు. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనీలాలో జపాన్ సైనికులు ఊచకోత సాగించారు. ఆ పోరులో దాదాపు లక్షమంది పౌరులు చనిపోయారని అంచనా. అప్పటికి యమాషిటా ఉత్తరాన కొండల్లో ఉన్నాడు. సమాచార వ్యవస్థ తెగిపోయింది. నగరాన్ని ఖాళీ చేయమని ముందే ఆదేశించాడు. అక్కడ మిగిలి పోరాడింది ఎక్కువగా నౌకాదళం వాళ్లు. ‘నాకు తెలియదు’ అన్నాడు. అమెరికా సైనిక కమిషన్ ఒప్పుకోలేదు, 1945 డిసెంబరు 7న ఉరిశిక్ష వేసింది. అమెరికా సుప్రీంకోర్టు 6-2 తేడాతో జోక్యం చేసుకోలేదు. 1946 ఫిబ్రవరి 23న ఉరి తీశారు. ఆయనకు తెలుసని గానీ, ఆయన ఆదేశించాడని గానీ అభియోగంలోనే లేదని జస్టిస్ మర్ఫీ తన అసమ్మతి తీర్పులో నిలదీశాడు.

పాతికేళ్ల తర్వాత పరీక్ష అమెరికాకే వచ్చింది. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లైలో అమెరికా సైనికులు వందలమంది గ్రామస్థులను చంపారు. అమెరికా లెక్క 347, వియత్నాం లెక్క 504. ఆ కంపెనీ కమాండర్ కెప్టెన్ మెడీనా ఆ పరిసరాల్లోనే ఉన్నాడు. 1971లో ఆయన కోర్ట్ మార్షల్‌లో జడ్జి జ్యూరీకి చెప్పింది వేరు. కిందివాళ్లు చంపుతున్నారని ఆయనకు నిజంగా తెలిసి ఉంటేనే దోషి, ‘తెలిసి ఉండాల్సింది’ అన్నది చాలదు. మెడీనా నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ కంపెనీలోని ఒక ప్లటూన్ (చిన్న దళం) కమాండర్ లెఫ్టినెంట్ కాలీ ఒక్కడికే శిక్ష పడింది, యావజ్జీవం అన్నది చివరికి మూడున్నరేళ్ల గృహనిర్బంధంలా తేలింది. కొండల్లో ఉన్న శత్రువు జనరల్‌కు ఒక కొలత, పక్కనే ఉన్న సొంత కెప్టెన్‌కు ఇంకో కొలత. ఈ విషయం మీద ఎవరు క్లాసు చెప్పినా ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూపించకపోతే నేను ఆ క్లాసును నమ్మను.

తర్వాత చట్టం నెమ్మదిగా మధ్యదారికి వచ్చింది. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది అయిన 1998 నాటి రోమ్ శాసనంలోని 28వ అధికరణం ఇప్పుడు ఆధారాలు. వాటి సారం మామూలు మాటల్లో చెప్తాను. కమాండర్‌కు ఆ మనుషుల మీద నిజంగా పట్టు ఉండాలి. వాళ్లు నేరం చేస్తున్నారని లేదా చేయబోతున్నారని ఆయనకు తెలిసి ఉండాలి, లేదా అప్పటి పరిస్థితిని బట్టి తెలుసుకుని ఉండాల్సిన స్థితిలో ఉండాలి. అయినా ఆపడానికో, శిక్షించడానికో, పై అధికారులకు అప్పగించడానికో తన చేతిలో ఉన్న పని చేయకపోయి ఉండాలి. ఇవన్నీ కలిస్తేనే దోషి. రోమ్ శాసనంలో ‘తెలుసుకుని ఉండాల్సింది’ అనే గట్టి కొలత సైనిక కమాండర్లకే వర్తిస్తుంది. సివిలియన్ అధికారి అయితే కళ్లముందున్న సమాచారాన్ని కావాలని పక్కన పెట్టాడని చూపించాలి. యూనిఫాం వేసుకున్నవాడికి చేతిలో తుపాకులున్న మనుషులు ఉంటారు కాబట్టి, కళ్లు మూసుకునే వెసులుబాటు అతనికి తక్కువ.

పట్టు అంటే భుజం మీద నక్షత్రాలు కాదు. బోస్నియాలోని చెలెబిచి జైలు శిబిరం కేసులో ఇది బాగా తేలింది. 1998లో మాజీ యుగోస్లావియా నేరాల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు డెలాలిచ్ అనే పెద్ద పేరున్న మనిషిని వదిలేసింది, ఆ శిబిరం పగ్గాలు నిజంగా ఆయన చేతిలో లేవని. ముచిచ్‌ను మాత్రం దోషిగా తేల్చింది. నియామక పత్రం సంగతి ఎలా ఉన్నా, శిబిరంలో గార్డులు మాట వినేది అతనిదే అని.

దూరంగా ఉన్న కమాండర్ సమస్య ఇంకా తెగలేదు. కాంగో తిరుగుబాటు నాయకుడు బెంబా సైన్యం 2002-03లో సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లో హత్యలు, అత్యాచారాలు చేసింది. ఆయన ఎక్కువగా కాంగోలోనే ఉన్నాడు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో 18 ఏళ్లు శిక్ష వేసింది. 2018 జూన్‌లో అప్పీల్ జడ్జీలు 3-2 తేడాతో కొట్టేశారు. పరాయి దేశంలో ఉన్న తన దళాల మీద దర్యాప్తు చేయడానికి దూరపు కమాండర్‌కు ఉండే అడ్డంకులను కింది కోర్టు సరిగా తూచలేదన్నది ఒక ముఖ్య కారణం. నాకు ఆ తీర్పు మీద అసంతృప్తి ఉంది. దూరం ఒక అడ్డంకి, ఒప్పుకుంటాను. కానీ దళాలను అంతదూరం పంపాలని నిర్ణయించింది ఆయనే కదా. పంపేటప్పుడు చేరుకున్న చెయ్యి, అదుపు చేసేటప్పుడు చేరుకోలేదంటే ఎలా?

పైవాళ్లు ‘బాధ్యత నాది’ అనడం గురించి కూడా ఒక మాట. 2014 ఫిబ్రవరి 26న సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు చనిపోయారు. అంతకు ఆరు నెలల ముందే సింధురక్షక్ పేలుడులో 18 మంది పోయారు. భారత నౌకాదళ అధిపతి అడ్మిరల్ డి.కె. జోషి అదే రోజు నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా చేశారు. ఆయన వ్యక్తిగతంగా ఏ వాల్వూ తిప్పలేదు. అయినా ఆ రాజీనామా నాకు గౌరవంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆయనకు దానివల్ల నష్టం జరిగింది. దీనికి భిన్నంగా 1983 అక్టోబరులో బీరూట్ బ్యారక్ మీద ట్రక్కు బాంబు దాడిలో 241 మంది అమెరికా సైనికులు చనిపోయినప్పుడు, దర్యాప్తు కమిషన్ క్షేత్రంలోని కమాండర్లదీ, వాళ్ల పైవాళ్లదీ లోపముందని చెప్పింది. అధ్యక్షుడు రీగన్ నింద ఏదైనా ఉంటే నాదే అన్నాడు. ఎవరి మీదా కోర్ట్ మార్షల్ లేదు. ఆయనకూ ఏమీ కాలేదు. మాట గొప్పగా ఉంది, బాధ్యత మాత్రం గాలిలో కలిసిపోయింది.

ఇటువైపు ప్రమాదం కూడా చెప్పకపోతే నేను ఏకపక్షంగా మాట్లాడినట్టే. బలిపశువును వెతకడం సైన్యాలకు పాత అలవాటు. 1945 జులైలో యూఎస్ఎస్ ఇండియానాపొలిస్‌ను జపాన్ జలాంతర్గామి ముంచేసింది. దాదాపు 1,200 మందిలో 316 మందే బతికారు. చాలామంది రోజుల తరబడి నీళ్లలో తేలుతూ చనిపోయారు, ఎందుకంటే ఓడ రాలేదని పై ఆఫీసుల్లో ఎవరూ గమనించలేదు. కోర్ట్ మార్షల్ మాత్రం కెప్టెన్ మెక్‌వేకు. జలాంతర్గామి గురి తప్పేలా ఓడను వంకర టింకరగా నడపలేదన్నది అభియోగం. ముంచిన జపాన్ కమాండర్ హషిమోటోనే సాక్షిగా పిలిస్తే, వంకరగా నడిపినా ముంచేవాణ్నే అన్నాడు. అయినా శిక్ష పడింది. 2000లో అమెరికా కాంగ్రెస్ ఆయన తప్పేమీ లేదని తీర్మానించేనాటికి ఆయన పోయి మూడు దశాబ్దాలు దాటింది.

ఇలాంటివి చూసిన కమాండర్లు నేర్చుకునేది జాగ్రత్త కాదు, దాచడం. ఏ చిన్న తప్పుకైనా తల తెగుతుందంటే, డ్రైవర్ కునికిపాటు పడి బండి గోడకు గీసుకున్న రోజు ఎవరూ రిపోర్టు రాయరు. పెయింట్ వేసేస్తారు. తర్వాత నెలలో బండి బోల్తా పడ్డప్పుడు అందరూ ఆశ్చర్యపోతారు. అందుకే తప్పు దాచిన కమాండర్‌నూ, తప్పు జరిగిందని తనే పైకి రాసిన కమాండర్‌నూ ఒకే త్రాసులో తూచే వ్యవస్థ నాకు ఇష్టం లేదు. మొదటివాడికి తేలికపాటి ప్రమాదమైనా కఠిన శిక్ష ఉండాలి. రెండోవాడికి ఘోర ప్రమాదం జరిగినా చెయ్యి అడ్డం పెట్టాలి.

ఇక మీ అన్నయ్య విషయం. ఎంక్వైరీలో పేరు రావడం అంటే దోషి అని కాదు, ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలున్నాయని. చాలా సైన్యాల్లో పేరు దెబ్బతినే అవకాశమున్న అధికారికి విచారణలో కూర్చునే, సాక్షుల్ని ప్రశ్నించే హక్కు ఉంటుంది. ఆ హక్కు ఆయన వాడుకోవాలి, మొహమాటపడకూడదు. ‘నేను నిద్రపోతున్నాను’ అన్నది మొదటి వాక్యంగా చెప్పొద్దనండి. అది ఎవరికీ అక్కర్లేని జవాబు. ఆ రాత్రి బండి వెళ్లడానికి ఎవరు అనుమతించారు, ఆ అనుమతికి ఆయన పెట్టిన నియమం ఏమిటి, ఆ నియమం పాటిస్తున్నారని చివరిసారి ఎప్పుడు స్వయంగా చూశారు, ఇంతకుముందు ఇలాంటిది ఏదైనా జరిగితే ఏం చేశారు. ఈ నాలుగింటికీ తేదీలతో, కాగితాలతో జవాబు ఉంటే ఆయనకు భయం అక్కర్లేదు.

మూడోదానికి జవాబు లేకపోతే, లేదనే చెప్పమనండి. బోర్డులో కూర్చున్నవాళ్లలో కనీసం ఒకరికి తను చూడకుండా సంతకం పెట్టిన పేజీ గుర్తుకొస్తుంది. రాత్రికి రాత్రి ఎవరైనా “రిజిస్టర్ సరిచేద్దాం సార్” అని వస్తే మాత్రం గది తలుపు వేసేసుకోమనండి. ఆ పేజీని టీ తాగుతూ తిరగేసేవాడు ప్రతి బోర్డులోనూ ఒకడుంటాడు.